గ్వాటెమాలాకు పోయిన పసుపుకొమ్ము

నేను ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యాను. ప్రభుత్వం ఒప్పుకోదు గానీ, ఆఫీసు మూతపడ్డాక అందులో పనిచేసినవాణ్ణి ఇంకేమనాలో నాకు తెలియదు. సన్మానం జరగలేదు. జ్ఞాపికగా గోడ గడియారమైనా ఇస్తారనుకున్నాను. దాన్ని మా ఓనర్ ముందురోజే ఇంటికి పట్టుకుపోయాడు. ఇప్పుడు జగిత్యాలలో ఒక జిరాక్స్ మిషన్ పెట్టుకుని కూర్చున్నాను. ట్రావెల్స్ ఆఫీసుల్లో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "అన్నా, నీ అనుభవం చెప్పు" అంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో మేం గెలిచింది ఏమీ లేదు. గెలుపులు కావలసినవాళ్లు మా ఓనర్‌ను అడగండి, ఆయన దగ్గర జరగనివి కూడా ఉంటాయి.

మా ఆఫీసు కోరుట్లలో, ఒక గాజుల దుకాణం మీది అంతస్తులో ఉండేది. మేం పంపేది గల్ఫ్‌కు. నా పని సలహాలు. విమానం ఎక్కబోయేవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఇతరుల పార్సళ్లు పట్టుకుపోవద్దని, దుబాయికి గసగసాలు తీసుకుపోతే జైలని, నొప్పి గోళీలకు డాక్టర్ చీటీ ఉండాలని చెప్పేవాణ్ణి. వాళ్లు శ్రద్ధగా వినేవారు. తర్వాత మెట్లు దిగి, కింద కాచుకుని ఉన్న ఊరివాళ్ల పార్సళ్లన్నీ కార్టన్‌లో సర్దుకుని తాడు కట్టేవారు. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. నాకు జీతం చెప్పినందుకే గానీ, వాళ్లు విన్నందుకు కాదు గదా.

ఓనర్‌ది బుగ్గారం వైపు పాత దొరల కుటుంబం. గడీ పోయింది, భూమి కొంత మిగిలింది, గొంతు మాత్రం మొత్తం మిగిలింది. ఆయన మంచినీళ్లు అడిగినా పక్క దుకాణంవాళ్లు లేచి నిలబడేవారు. ఆ భూమిలో పసుపు వేసేవాడు. టికెట్ల గురించి అడిగితే ఒక్క ముక్క చెప్పేవాడు, పసుపు గురించి అడక్కుండానే గంట చెప్పేవాడు.

టికెట్లు చూసేది మేడం. ముస్తాబాద్‌లో కూలి చేసుకునే ఇంటి నుంచి వచ్చి చదువుకున్న మొదటి మనిషి. ఆదివారం చర్చి, మిగతా రోజులు కంప్యూటర్. ఆమె తాతలు ఓనర్‌లాంటి వాళ్ల ఇళ్ల ముందు చెప్పులు చేతుల్లో పట్టుకుని నడిచేవారట. ఇప్పుడు ఆమె రాకపోతే ఓనర్ కంప్యూటర్ తెరవలేడు. అంత మార్పు వచ్చినా, ఏసీ గాలి తగిలే కుర్చీ మాత్రం ఓనర్‌దే.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం సిరిసిల్ల నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదు లోపు ఉంటుంది. తల్లిగారిది పెగడపల్లి. పిల్లలను అక్కడ దింపి నేరుగా వచ్చానంది.

"ఏ దేశం అక్కా?" అన్నాను.

"గ్వాటెమాలా."

ఓనర్ ఏసీ కింద నుంచే, "గది సౌదీ పక్కకే గదా, పంపిద్దాం" అన్నాడు.

మేడం కంప్యూటర్‌లో వెతికి, తెర ఆయన వైపు తిప్పింది. "సౌదీ పక్కకు కాదు సార్. అమెరికాకు కిందికి. మెక్సికో దాటినంక."

ఓనర్ ఆ పటాన్ని చాలాసేపు చూశాడు. "అయితే కొంచెం దూరం" అన్నాడు.

ఆమె భర్త సాంచాల మెకానిక్. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఆర్డర్లు లేక సాంచాలు ఆగిపోతే ఆగిన సాంచాకు రిపేరు కూడా ఉండదు. అందుకని ఎవరో ముంబయి కాంట్రాక్టర్ ద్వారా ఆ దేశంలో ఒక బట్టల మిల్లుకు పోయాడు. అక్కడ పని దగ్గరే కుప్పకూలాడు. మెదడులో రక్తం చిట్లింది. అదే మిల్లులో పనిచేసే ఒక తమిళాయన వచ్చీరాని హిందీలో ఆమెకు ఫోన్ చేసి చెప్పాడు.

"ఒకసారి తెలివి అస్తదట, మళ్ల పోతదట," అంది ఆమె. "చూసుకునేదుంటే తొందరగ రమ్మని డాక్టరు చెప్పిండట. నేను పొయ్యేసరికి ఆయన ఊపిరితోని ఉండాలె. నాకు ఇంకేం వద్దు."

"పంపిస్త బిడ్డా. నాది జిమ్మెదారి," అన్నాడు ఓనర్. ఆ దేశం పేరు ఆయనకు ఇంకా సరిగ్గా నోరు తిరగలేదు.

తర్వాతి రోజుల్లో జరిగిన పని అంతా మేడం చేసింది, పేరు ఓనర్‌కు వచ్చింది. మిల్లు నుంచి ఉత్తరం తెప్పించడం, ఢిల్లీలో వాళ్ల రాయబార కార్యాలయం చుట్టూ మనిషిని తిప్పడం, దారి వెతకడం. కొత్త పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి: అంత దూరం పోయేవాళ్లకు చేరే దేశం వీసా ఒక్కటే సరిపోదు. మధ్యలో దిగే ఊళ్లు కూడా వీసా అడగొచ్చు. ఇంకొన్ని దారుల్లో ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు, ఆ టీకా ముందుగా వేసుకుని ఉండాలి. మా దగ్గర అంత సమయం లేదు. మేడం ఒక్కో దారిని కొట్టేస్తూ పోయి, చివరికి ఇస్తాంబుల్, పనామాల మీదుగా ఒకటి పట్టింది.

ఇక సలహాల వంతు నాది. నాకు తెలిసింది మూడు ఎడారి దేశాలు. ఈ కొత్త దేశం గురించి చదివి, చదివింది ఆమెకు చెప్పాను.

"అక్కా, ఆ నగరం గుట్టల మీద ఉంటది. మన లెక్క ఎండలుండయి, పొద్దుమీకి సలి పెడుతది. స్వెట్టర్ పెట్టుకో."

"ఎయిర్‌పోర్టుకు దవాఖాన ఎంత దూరం?"

"చెప్త. నల్లా నీళ్లు తాగొద్దు, సీసా నీళ్లే. వాళ్లు కూడ మక్కరొట్టెలే తింటరు, తిండికి బాధ లేదు. ఇప్పుడు ఆడ గూడ వానలే, గొడుగు ఉండాలె."

"దవాఖాన ఎయిర్‌పోర్టుకు దగ్గరేనా తమ్మీ?"

"దగ్గరే. రోడ్డు మీద కనబడ్డ టాక్సీ ఎక్కొద్దు, తమిళాయన వస్తడు, ఆయనతోనే పో. భూమి అప్పుడప్పుడు కదులుతది, భయపడొద్దు. కొండలల్ల నిప్పు వస్తది, అది దూరం."

"నిప్పు వస్తే దవాఖానకు తొవ్వ బంద్ వెడుతరా?"

ఆమెకు ఆ దేశం మొత్తం ఒక్క మంచం. మిగతాదంతా ఆ మంచానికి అడ్డం.

నాలుగు స్పానిష్ మాటలు కూడా నేర్పాను. నీళ్లంటే అగువా, థాంక్స్ అంటే గ్రాసియాస్, భర్త అంటే ఎస్పోసో, దవాఖాన అంటే ఆస్పిటాల్. మొదటి రెండూ ఆమె మరిచిపోయింది.

చివరికి ఆ మాట చెప్పక తప్పలేదు. "అక్కా, ఆ ఊర్ల దొంగల భయం ఉంటదట. మెడల బంగారం వద్దు."

ఓనర్ లేచి నిలబడ్డాడు. "ఏం మాట్లాడుతున్నవ్‌రా? పెనిమిటి పానం మీదికొచ్చి ఉంటె పుస్తెలు తియ్యమంటవా?"

"నేను గాదు సార్, ఆ దేశమంటున్నది."

"గా దేశానికేం ఎరుక?"

ఆమె మా ఇద్దరినీ చూసి, "బంగారం కుదువ వెడితె ఏం జేస్తరు సార్?" అంది. "తాడుకు పసుపుకొమ్ము కట్టుకుంటం. సాంచాలు బందున్నన్ని రోజులు నేను గట్లనే ఉన్న. ఇప్పుడు గూడ గంతే."

మా వైపు ఇది అందరికీ తెలిసిన పద్ధతి. పుస్తెలు ఇంట్లో లేని రోజుల్లో, పసుపు రాసిన దారానికి ఒక పసుపుకొమ్ము కడితే అది పుస్తెలతో సమానం. కిరాణా దుకాణంలో ఎండు కొమ్ము అడిగితే ఊరికే కూడా ఇస్తారు. వ్యవహారం అక్కడితో ముగియాలి. కానీ పసుపు మాట వచ్చాక మా ఓనర్ ఎట్లా ఊరుకుంటాడు?

"దుకాణం కొమ్మా? ఉడకవెట్టి, ఎండవెట్టి, రంగు వూసిన కట్టెముక్క. దాంట్ల పానం ఉంటదా?" అన్నాడు. "మా ఇంట్ల విత్తనానికి దాసిన కొమ్ములున్నయి. పచ్చివి. నా చేతులతోని ఏరి తెస్త."

తెచ్చాడు కూడా. వేలంత లావు, నిగనిగలాడుతూ ఉంది, ఒక కొసన తెల్లగా చిన్న మొన. విత్తనపు కొమ్ము వానాకాలం మొదట్లో అట్లాగే ఉంటుంది. ఓనర్ భార్య ఆమెను ఇంటికి పిలిచి, బొట్టు పెట్టి, ఆ తాడు కట్టి పంపింది. మేడం మాత్రం ఆ కొమ్మును చూసి, "ఇంత పచ్చిదెందుకు సార్?" అంది. "పచ్చగ ఉండాలనే" అన్నాడు ఓనర్. ఆ ఆఫీసులో ఎవరికీ, నాతో సహా, అంతకు మించి ఆలోచన రాలేదు. పంటల తనిఖీ అనేది ఒకటుంటుందని చదివాను. అది సంచికి అనుకున్నాను, మెడకు కూడా అనుకోలేదు.

ఆమె చేరే రోజు రానే వచ్చింది. అక్కడ చీకటి పడే వేళ, మనకు పొద్దున. నేను షట్టర్ లేపాను, మేడం కీబోర్డు తుడుస్తోంది, ఓనర్ ఆ రోజు ముందే వచ్చి చాయ్ తెప్పించాడు. వీడియో కాల్ వచ్చింది. తెల్లటి లైట్ల కింద ఆమె ముఖం.

"తమ్మీ, కుక్క నా ముంగట కూసున్నది. లేస్తలేదు."

"కుక్కనా?"

"ఆఁ. చిన్నది. దానికి అంగీ తొడిగిన్రు."

పళ్లు, మొక్కలు వాసన పట్టే కుక్కలు కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ఉంటాయి. సామాను విప్పించారట. సకినాలు చూసి పక్కన పెట్టారు, తొక్కు డబ్బా చూసి పక్కన పెట్టారు. కుక్క మాత్రం కదలలేదు. చేతికి తొడుగులు వేసుకున్న ఒక పడుచు ఉద్యోగిని వచ్చి ఆమె మెడ వైపు చూపించింది.

ఓనర్ ఫోన్ లాక్కున్నాడు. "చెప్పు బిడ్డా, గిది మా ఆచారమని చెప్పు. వేల ఏండ్ల కింద నుంచి ఉన్నదని చెప్పు."

"సార్, కుక్కకు అంత చరిత్ర అవసరం లేదు," అని ఫోన్ తీసుకున్నాను.

రెండో ఫోన్‌లో అనువాదం చేసే యాప్ పెట్టి, అది మాట్లాడే స్పానిష్ మొదటి ఫోన్‌లో వినబడేట్టు దగ్గరగా పట్టాను. పెళ్లయిన ఆడవాళ్లు దీన్ని తీయరు, భర్త ఆసుపత్రిలో ఉన్నాడు, వదిలిపెట్టండి అని చెప్పించాను. ఆమె కూడా తనకు గుర్తున్న రెండు మాటలూ కలిపి, "ఎస్పోసో, ఆస్పిటాల్" అంది. ఆ ఉద్యోగిని ఓపికగా విని ఏదో చెప్పింది. యాప్ దాన్ని వార్తలు చదివినట్టు తెలుగులో చదివింది: "మొలక ఉంది. మొలక ఉన్నది లోపలికి రాకూడదు."

ముగ్గురం ఓనర్ వైపు చూశాం. మూడో మనిషి తెరలో ఉన్న ఆమె.

"ఎండుదైతే?" అని అడిగించాను.

"ఎండినదైతే చూసి వదిలేదాన్ని" అని వచ్చింది.

ఓనర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎమ్మెల్యేకు ఫోన్ జేస్త" అన్నాడు.

"చెయ్యండి సార్. ఆయన గ్వాటెమాలాల ఎవలతోని మాట్లాడాలో మళ్ల మననే అడుగుతడు," అన్నాను.

మేడం ముందుకు వంగింది. "పిలగా, ఉత్త తాడు ఉంచుకోనిస్తరేమో అడుగు. కొమ్ము ఒక్కటి ఇచ్చేద్దాం."

అడిగాను. ఉద్యోగిని ఒప్పుకుంది. కానీ ఓనర్ భార్య ముడి గట్టిగా వేసింది, దారి పొడుగునా చెమటకు బిగిసిపోయింది, ఊడలేదు. ఉద్యోగిని లోపలికి పోయి చిన్న కత్తెర తెచ్చింది. తెచ్చి, పైకెత్తి చూపిస్తూ, కోయనా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. ఆమె రెండు చేతులూ మెడకు అడ్డం పెట్టుకుంది.

"కత్తెర వద్దను తమ్మీ."

నేను యాప్‌లో చెప్పక ముందే ఆ ఉద్యోగిని కత్తెర పక్క బల్ల మీద పెట్టేసింది.

ఓనర్ మళ్లీ మొదలుపెట్టాడు, మన హక్కు, మన మర్యాద, గట్టిగ నిలవడాలె, అక్కడనే కూసుండు బిడ్డా, ఎట్ల పంపరో చూద్దాం అని. మేడం ఇంకో దారి ఉందా అని ఆలోచిస్తోంది. నేను యాప్‌లో "మొలక" అన్న మాటకు బదులు ఏం వాడాలో వెతుకుతున్నాను. ముగ్గురం కోరుట్లలో కూర్చుని అక్కడ యుద్ధం చేస్తున్నాం.

"తమ్మీ," అంది ఆమె. "ఇది ఇస్తె ఇప్పుడే బయటికి పంపుతరా?"

అడిగాను. "ఇప్పుడే పంపుతరట అక్కా."

ఆమె తాడును రెండు చేతులతో పట్టుకుని, తల మీద నుంచి తీసేసింది. దండ తీసినట్టు. మాకెవరికీ అది తట్టలేదు.

"మస్తు మాట్లాడుతున్నరు మీరు," అంది. "ఆయన ఆడ ఎదురుజూస్తున్నడు."

కాల్ కట్ అయింది. ఓనర్ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు, నేను చూడనట్టు ఉన్నాను. జోకు ఒకటి తయారుగానే ఉంది. వేయలేదు.

మర్నాడు తమిళాయన నుంచి కబురు వచ్చింది. ఆమె చేరింది, అతను తెలివితో ఉన్నాడు, మాట్లాడుకున్నారు. ఓనర్ గాజుల దుకాణం వరకూ దిగి అందరికీ మిఠాయి పంచాడు. కొన్ని రోజులకు ఇంకో కబురు వచ్చింది. అప్పుడు ఎవరూ ఏమీ పంచలేదు.

అక్కడే దహనం చేయించి, అస్థికలు తీసుకుని వచ్చేస్తానంది ఆమె. మళ్లీ సలహా కావాలి. ఇనుప డబ్బా వద్దని, లోపలిది మెషిన్‌లో కనబడే పెట్టె కావాలని, చేతి సంచిలోనే పెట్టుకోవాలని, కాగితాలు పైన ఉండాలని చెప్పాను. దూరం గురించి ఈసారి ఆమె ఏమీ అడగలేదు. "సరే తమ్మీ" అని అన్నింటికీ ఒకే జవాబు. ఈసారి దారిలో ఎక్కడా ఎవరూ ఆపలేదు.

చాలా రోజుల తర్వాత ఒక పొద్దున ఆమె మా మెట్లెక్కి వచ్చింది. కిటికీలోంచి చూసిన ఓనర్, "లోపల పనున్నది" అని వెనక గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ గదిలో ఉన్నది మంచినీళ్ల క్యాన్ మాత్రమే.

మేడం కుర్చీ జరిపింది. ఆమె కూర్చుని, మేం అడగకుండానే చెప్పింది.

"నన్ను జూసి మొదలు మెడ జూసిండు. 'ఏందే, నేను పోయిన్నా?' అన్నడు. నాకు నవ్వొచ్చింది తమ్మీ. గంత దూరం పోయి నవ్విన. 'ఇంకా పోలే, కుక్క వట్టుకున్నది' అన్న. ఆయన గూడ నవ్విండు, సగం మూతితోని. రెండో సగం పనిజేస్తలేకుండె."

మేడం నీళ్లు ఇచ్చింది. ఆమె తాగలేదు, గ్లాసు చేతిలోనే పెట్టుకుంది.

"సిరిసిల్లల పదోనాడు అందరు కూసున్నరు. నా మెడల ఏం లేదు, ఏం తియ్యాలె అని. మా అత్త అన్నది, ముందుగాల్నే తీసింది గనుకనే నా కొడుకు పోయిండని. పెద్దమనుషులు ఒక పూటంత మాట్లాడిన్రు. లాస్ట్‌కు బీరువల ఉన్న బంగారి పుస్తెలు తెచ్చి నా మెడల ఏసిన్రు. ఏసి, మళ్ల తీసిన్రు."

"నువ్వు వద్దనకపోయినవా?" అంది మేడం.

"అడిగితే గదా మేడం వద్దనేది." ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "గా పిల్ల పరాయి దేశంది. మాట తెల్వది. నౌకరీ గది. అయినా కత్తెర వట్టుకొని నా మొకం జూసింది, అడిగింది. నేను వద్దంటె పక్కన వెట్టింది. తాడు సంచిల ఏసేటప్పుడు గూడ ఇసిరేయలే, మెల్లగ వెట్టింది. ఈడ నా మీద అన్ని చేతులు వడ్డయి, ఒక్కలు అడగలే."

వెనక గది తలుపు తెరుచుకోలేదు. కింద గాజుల దుకాణంలో ఎవరో బేరమాడుతున్నారు.

ఆమె లేచింది. ఎందుకు వచ్చిందో మేం అడగలేదు, చెప్పడానికే వచ్చిందని తెలుస్తూనే ఉంది. మెట్ల దాకా పోయాక, ఏదో ఒకటి అనాలి గనుక, నాకు వచ్చిన ఒకే ఒక్క పని చేశాను.

"వేములవాడ బస్సు ఎక్కు అక్కా. ఆడ దిగి సిరిసిల్లకు మారాలె."

ఆమె ఆ దారినే వచ్చింది. అయినా ఆగి, మొత్తం విని, "సరే తమ్మీ" అని మెట్లు దిగింది.